డాలరుకిస్తే వద్దన్నారు

సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళకి డిస్కవరీ పార్కు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 534 ఎకరాలు, ఆ ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద పార్కు. కింద 1881 నాటి లైట్‌హౌస్, ఎదురుగా ప్యూజెట్ సౌండ్ నీళ్ళు, వాటి అవతల ఒలింపిక్ కొండలు. ఇండియా నించి అమ్మానాన్నలొస్తే ఓ ఆదివారం అక్కడే గడిచిపోతుంది.

అలాంటి చోటుని 1938లో అమెరికా సైన్యం ఒకే ఒక్క డాలరుకి ఇచ్చేస్తామంటే, సియాటిల్ నగరం వద్దు పొమ్మంది!

అసలు విషయం ఇంకాస్త వెనక నించి చెప్పాలి. ఆ నేల మొదట్లో సైన్యానిది కాదు. మిలిటరీ స్థావరం వస్తే ఊరు బాగుపడుతుందన్న ఆశతో 1890ల చివర్లో సియాటిల్ జనమే 700 ఎకరాల పైచిలుకు భూమిని సైన్యానికి ఊరికే ఇచ్చారు. 1900లో దానికి ఫోర్ట్ లాటన్ అని పేరు పెట్టారు. అనుకున్నంత పెద్ద స్థావరమేమీ అవలేదు. దాంతో సైన్యం 1938లో తిరిగి తీసేసుకోండి అంది. ఆర్థిక మాంద్యం రోజులు. నిర్వహణ ఖర్చు మావల్ల కాదంది నగరం. ఏనుగుని ఊరికే ఇచ్చినా మేత ఎవరు వేస్తారు? ఉచితంగా వచ్చిన సాఫ్ట్‌వేర్‌కి కూడా మెయింటెనెన్స్ ఉంటుందని మనకి వేరే చెప్పాలా! కాబట్టి నేను వాళ్ళని తప్పుపట్టను. కానీ తర్వాత కథ చూడండి.

రెండో ప్రపంచయుద్ధంలో అదే ఫోర్ట్ లాటన్ గుండా పది లక్షల మందికి పైగా సైనికులు వెళ్ళారు. యుద్ధాలయ్యాక మళ్ళీ ఖాళీ. 1964లో రక్షణ శాఖ ఆ నేలలో 85 శాతం మిగులు అని ప్రకటించింది. ఈసారి నగరానికి పార్కు కావాలి. కానీ ఈసారి ధర డాలరు కాదు. అప్పటి చట్టం ప్రకారం కేంద్రప్రభుత్వపు మిగులు భూమి పార్కు కోసం కావాలంటే నగరం మార్కెట్ రేటులో సగం కట్టాలి. నీటి ఒడ్డున, నగరం నడిబొడ్డుకి కాస్త దూరంలో ఉన్న నేలకి మార్కెట్ రేటులో సగమంటే మాటలా?

ఇక్కడే నాకో సందేహం వచ్చేది. ఆ భూమి కేంద్రానికి ఊరి జనం ఇచ్చిందే. కేంద్రం డబ్బు జనం పన్నులే, నగరం డబ్బూ జనం పన్నులే. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో వేస్తూ దానికి మార్కెట్ రేటు కట్టడమేమిటి? అయితే అటువైపు వాదనా ఉంది. సియాటిల్ పార్కుకి దేశంలో మిగతా ఊళ్ళవాళ్ళంతా ఎందుకు డబ్బు వదులుకోవాలి? చవగ్గా తీసుకున్న నగరం రేపు దాన్ని బిల్డరుకి అమ్ముకుంటే అడిగేదెవరు?

ఆ చిక్కుముడిని విప్పింది వాషింగ్టన్ రాష్ట్ర సెనేటర్ హెన్రీ జాక్సన్. ఆయన చొరవతో 1970లో వచ్చిన చట్టం ప్రకారం పార్కుల కోసమైతే ఆ సగం ధరని కూడా తగ్గించుకుంటూ సున్నా దాకా తేవచ్చు. కానీ ఓ షరతు. ఆ నేల ఎప్పటికీ పార్కుగానే ఉండాలి, మాట తప్పితే కేంద్రం వెనక్కి తీసుకుంటుంది. అంటే ధరలో వదులుకున్నదాన్ని డీడ్‌లో రాబట్టారన్నమాట. 1972లో నయాపైసా కట్టకుండా నగరం చేతికి భూమి వచ్చింది, 1973లో పార్కు మొదలైంది. తర్వాత అక్కడ గోల్ఫ్ కోర్సు కడదామని కొందరు బయల్దేరితే ఓటర్లే ఓడించారు.

ఈ కథలో పార్కు బోర్డుల మీద కన్నా లోతైన భాగం ఇంకోటుంది. చట్టం వచ్చిన ఏడాదే, 1970 మార్చిలో, బెర్నీ వైట్‌బేర్ తదితరుల నాయకత్వంలో అక్కడి ఆదివాసులు కంచె దాటి ఫోర్ట్ లాటన్‌లోకి వెళ్ళి ఆక్రమించారు. సైన్యానికి అక్కర్లేని భూమి పాత ఒప్పందాల ప్రకారం అసలు యజమానులకే చెందాలన్నది వాళ్ళ వాదన. నగరం సైన్యానికి దానం చేశానంటోంది సరే, నగరానికి దానం చేసిందెవరు? అరెస్టులయ్యాయి, మళ్ళీ వెళ్ళారు. చివరికి చర్చలు జరిగి సుమారు 20 ఎకరాలు 99 ఏళ్ళ లీజుకి వాళ్ళకి దక్కాయి. 1977లో అక్కడే డేబ్రేక్ స్టార్ సాంస్కృతిక కేంద్రం తెరిచారు. వాళ్ళు కంచె దూకకపోతే ‘ప్రజోపయోగం’ అన్నమాటలో వాళ్ళుండేవాళ్ళే కాదని నా అభిప్రాయం.

అమెరికాలో ఇప్పుడు ఇలాంటి ఆస్తులకి ఓ వరస ఉంది. ముందు వేరే కేంద్రశాఖలకి అవసరమా అని అడుగుతారు. తర్వాత నిలువనీడ లేనివాళ్ళ కోసం పనికొస్తుందా చూస్తారు, ఇది 1987 చట్టం పుణ్యం. ఆ తర్వాత రాష్ట్రాలు, నగరాలు. వేలంపాట అన్నిటికన్నా చివర. అలాగని అంతా సజావుగా సాగుతుందనుకోకండి. ఫోర్ట్ లాటన్‌లోనే మిగిలిన 34 ఎకరాల్లో చవక ఇళ్ళు కట్టాలన్న ఆలోచన 2008 నించీ కోర్టు కేసులతో, ఇరుగుపొరుగుల అభ్యంతరాలతో నలిగి, 2019కి గానీ నగర కౌన్సిల్ ఆమోదం పొందలేదు. పార్కంటే అందరికీ ముద్దే. పేదవాడి ఇల్లనేసరికి ‘ప్రజలు’ అన్నమాటకి అర్థం మారిపోతుంది.

మన దగ్గర ప్రభుత్వ భూమి మిగిలిందంటే ముందు గుర్తొచ్చేది వేలంపాటే. 2023లో కోకాపేటలో ఎకరం వందకోట్లు దాటితే మనమంతా పండగ చేసుకున్నాం, మన ఫ్లాట్ల రేట్లు పెరుగుతాయని. ఖజానాకి డబ్బక్కర్లేదని నేననను. కానీ ఆ డబ్బు ఒక్కసారే వస్తుంది, ఒక్క బడ్జెట్‌లో కరిగిపోతుంది. సియాటిల్‌కి కనీసం రెండో అవకాశం దొరికింది. అపార్ట్‌మెంట్లు లేచాక మన నేలకి అది కూడా ఉండదు. వేలానికి ముందు ‘ఈ చోటు ఊరికేమైనా పనికొస్తుందా?’ అని మున్సిపాలిటీని, అక్కడ ఉండేవాళ్ళని అడగాలన్న నిబంధన ఒక్కటుంటే చాలు. ఎంతకి అమ్మామన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.