నాంగీకి అడ్డము నిలిచిన కొండ

నేపాలదేశమున మ్యాగ్దీ జిల్లాలో, రెండువేల మీటర్లకు మించిన యెత్తున నున్న నాంగీ గ్రామమున పాఠశాల నడుపుచుండిన మహావీర్ పున్, అమెరికాలోని నెబ్రాస్కాలో చదివి స్వగ్రామమునకు తిరిగివచ్చినవాడు. సెలయేటి నీటితో చిన్న విద్యుద్యంత్రములను త్రిప్పించి, ఏరి తెచ్చిన పాత భాగములతో కొయ్యపెట్టెలలో కంప్యూటర్లను కూర్చినవాడు. అంతటివాడును తన ఈ-మెయిలు చూచుకొనుటకు పోఖరా పట్టణమునకు పోవలసియే యుండెను. ఉపగ్రహమార్గపు వెల ఆ యూరు భరింపలేనిది. 2001లో ఆయన బి.బి.సి.కి లేఖ వ్రాసి ఊరికి ఇంటర్నెట్టు తెచ్చు ఉపాయమడుగగా, ఆ వార్త విని వచ్చిన విదేశీ సేవకులు మరుసటి సంవత్సరమున, ఇంటిగదులలో వాడుటకై చేసిన వైఫై పరికరమును టెలివిజను డిష్షునకు తగిలించి చూచిరి. ఉపాయము పారినది; కాని పోఖరాకును నాంగీకిని నడుమ కొండ యున్నది.

రేడియో పాట కొండవెనుక ఊళ్లకును వినబడుచుండగా ఈ వైఫై తరంగమేల చేరదని పాఠకునకు తోపవచ్చును. మీడియం వేవ్ తరంగము వందల మీటర్ల పొడవు గలది. శిఖరము మీదుగా వంగి ఆవలికి దిగగలదు. వైఫై వాడెడు 2.4 గిగాహెర్ట్జుల తరంగము పన్నెండున్నర సెంటీమీటర్లది, జానెడైనను లేదు. దానికి ఎదుటి యాంటెన్నా కనబడవలెను. కనబడినంతమాత్రమునను చాలదు. ముప్పది కిలోమీటర్ల దారిలో, సరిగా నడిమిచోట, చూపురేఖ చుట్టును ముప్పది మీటర్ల మేర అధికభాగము ఖాళీగా నుండవలెను. వానకు తడిసిన ఆకుగుబురు అడ్డుపడినను బలమును చాలవరకు పీల్చివేయును. ఖాళీగా నుండవలసిన ఆ మేరకు ఫ్రెనెల్ మండలమని పేరు. 1818లో వెలుగు వంగు తీరును లెక్కగట్టిన ఫ్రెనెల్ అను ఆ ఫ్రెంచి ఇంజనీరు ఉద్యోగము రోడ్లు వేయించుట యగుట నాకు ముచ్చటగా తోచును.

మాటలు లేని ఇద్దరి నడుమ మధ్యవర్తిని నిలిపినట్లు, ఇరువైపులకును కనబడు కొండను వెదకి, 3,300 మీటర్ల యెత్తున నున్న మోహరే డాండాను ఎన్నుకొనిరి. అచ్చట స్తంభమెక్కడిది? చెట్లకే యాంటెన్నాలు కట్టి, క్రింద సౌరఫలకములను, బ్యాటరీలను అమర్చిరి. చెట్టూగిన చూపు చెదరును. చెదరినప్పుడెల్ల మరల ఎక్కవలెను. అది అంతర్యుద్ధకాలము, రేడియో పరికరమన్న అనుమానము పుట్టు దినములగుటచే సామగ్రి గుట్టుగా చేరవలసివచ్చెను. 2003 నాటికి నాంగీ ఇంటర్నెట్టుతో కలిసెను. అటుపిమ్మట వైద్యుడు లేని ఊళ్ల రోగులను పోఖరా వైద్యులు తెరమీద చూడసాగిరి.

2007లో మహావీర్ పున్ రామన్ మెగసేసే పురస్కారమును పొందెను. అందులో సగము ఆ చెట్లెక్కినవారిదని నా తీర్పు.