కవిలె కట్ట నుంచి కంప్యూటర్ దాకా: కృష్ణా డెల్టాలో లెక్క ఎవరి చేతిలో?

'ఇన్ఫర్మేషన్ సిస్టమ్' అనే మాట మన పిల్లలకు కంప్యూటర్ కోర్సుల ద్వారా పరిచయమైంది. సమాచారాన్ని సేకరించడం, దాచడం, అడిగినప్పుడు తీసివ్వడం, దాన్నిబట్టి సంస్థలు నిర్ణయాలు తీసుకోవడం - పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగుతుంది. ఎవరు రాస్తున్నారు, ఎవరి పేరు రాస్తున్నారు, ఎవరి పేరు వదిలేస్తున్నారు అని అడగదు. మేము ఈ వ్యాసంలో అడగదలచుకున్నది సరిగ్గా అదే. ఎందుకంటే కృష్ణా డెల్టాలో సమాచార వ్యవస్థ కంప్యూటర్‌తో మొదలు కాలేదు. అంతకు ముందునుంచే అది ఉంది. దాని పేరు కరణీకం.

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టడం 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాలవ నీళ్లొచ్చాక మెరక భూమి మాగాణి అయింది. భూమి ధర పెరిగేకొద్దీ భూమి మీది కాగితం ధర కూడా పెరిగింది. ఏ సర్వే నెంబరు ఎవరిది, విస్తీర్ణమెంత, ఏ పంట వేశారు, ఏ కాలవ నీరు, శిస్తెంత - ఇవన్నీ ఊళ్లో ఒకే ఒక్కడి దస్త్రంలో ఉండేవి. కోస్తాలో ఆ ఒక్కడు ఎక్కువగా నియోగి బ్రాహ్మణుడు. అడంగల్లో పట్టాదారుకు గడి ఉంది, అనుభవదారుకు గడి ఉంది, పంటకూ నీటికీ గడులున్నాయి. ఆ చేను దున్ని, నాటి, కోసి, కుప్పవేసిన పాలేరుకు గడి లేదు. మాలపల్లె, మాదిగగూడెం జనం ఈ లెక్కలో మనుషులుగా లేరు. చాకిరీగా మాత్రమే ఉన్నారు. కరణం వెంట కవిలె కట్ట మోసిన వెట్టివాడు మనవాడే. ఆ కట్టలో ఏముందో చదవనివ్వని వ్యవస్థ మాత్రం వాడిది కాదు.

ఈ ఏర్పాటు కేవలం ఆచారం అనుకుంటే పొరపాటు. అది చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1895లో వచ్చిన వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం కరణీకాన్ని, మునసబును కుటుంబ ఆస్తిలా కాపాడింది. రాజ్యాంగం వచ్చి పదేళ్లు గడిచినా ఇది నడిచింది. డెల్టాలో గుంటూరు వైపు ఒక ఊరి మునసబు పదవి మీద వచ్చిన గాజుల దశరథ రామారావు కేసులో 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గ్రామోద్యోగం కూడా ప్రభుత్వోద్యోగమే, పాత ఉద్యోగి వంశంవాడన్న కారణంతో ప్రాధాన్యం ఇవ్వడం 16వ అధికరణకు విరుద్ధం అంది. బొంబాయి కౌన్సిల్లో అంబేడ్కర్ 1928లోనే మహర్ల వతన్ విషయమై బిల్లు పెట్టిన సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. వంశపారంపర్య ఉద్యోగం పైవాడికి అధికారం, కిందివాడికి సంకెల అని ఆయన ముందే గ్రహించాడు.

1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులు రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కరణం పోయాడు. మరి కరణం రాసిన లెక్క పోయిందా? పోలేదు. ఆ దస్త్రాలే మండలాఫీసుకి చేరాయి. చేయి మారింది గానీ రాత మారలేదు. వెట్టి పని కూడా పోలేదు. గ్రామ సేవకుడనీ, ఆ తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకుడనీ పేరు మార్చుకుంది.

తరవాతి మలుపు 1998 నవంబరు. ఆ నెల 4న చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' అనే కంప్యూటర్ వ్యవస్థను మొదలుపెట్టింది. ఆ నెలలోనే 22న హైదరాబాదులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఒకటి పాలనను మార్చే కంప్యూటర్, ఇంకొకటి ఉద్యోగాలిచ్చే కంప్యూటర్. రెండింటినీ విడివిడిగా పొగిడినవాళ్లే ఎక్కువ. మేము రెండింటినీ కలిపి చూడాలంటున్నాం.

'కార్డ్' చేసిన మేలు కాదనలేం. అంతకుముందు దస్తావేజును గుమాస్తా చేత్తో పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఈసీ కావాలంటే రోజుల తరబడి తిరగాలి, చెయ్యి తడపాలి. కంప్యూటర్ ఆ పనిని బాగా తగ్గించింది. అయితే ఆ వేగం ఎవరికి? రిజిస్టరైన దస్తావేజు ఉన్నవాడికి. కంప్యూటర్ జ్ఞాపకం 1983 నుంచి మొదలవుతుంది. అంతకు ముందు పోయిన భూమి దానికి గుర్తుండదు. తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి పోగొట్టుకున్న భూమి ఎప్పుడూ గుర్తుండదు. మన చేతికొచ్చింది ఎక్కువగా డి-పట్టా భూమి. దాని అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. మనల్ని కాపాడటానికి వచ్చిన ఆ చట్టం ఉండగానే ఎన్నో ఎకరాలు చేతులు మారాయి. కాగితం మీద పేరు మనది, చేలో పంట ఇంకొకరిది. తప్పును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే అది ఒప్పు కాదు. త్వరగా దొరికే తప్పు అవుతుంది, అంతే.

2015లో అడంగళ్లు 'మీభూమి' పేరుతో తెరమీదికొచ్చాయి. అదే సంవత్సరం విజయవాడకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున, అమరావతి కోసం భూ సమీకరణ జరిగింది. అక్కడ రికార్డే మనిషి తలరాత అయింది. పట్టా రైతుకు ఒక లెక్క ప్రకారం ప్లాటు, అసైన్డ్ రైతుకు అంతకన్నా తక్కువ, భూమిలేని కూలి కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను. ఒకే చేలో పనిచేసిన ముగ్గురిని రికార్డులోని గడి మూడు రకాల మనుషులుగా చేసింది. అడంగల్లో గడి లేనివాడికి రాజధానిలో గజం దక్కలేదు.

ఇక ఉద్యోగాల సంగతి. 1977లో విజయవాడ పక్కన కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. అప్పటి రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ చదువుకు అది తొలి అడుగుల్లో ఒకటి. డెల్టా మాగాణి మిగులు వ్యాపారంలోకి, సినిమాలోకి, చదువులోకి ఎలా ప్రవహించిందో పరిశోధకులు రాశారు. కేరల్ ఉపాధ్య 1988లో కోస్తా రైతు పెట్టుబడిదారుల గురించి రాసిన వ్యాసం ఇందుకు మంచి ఆధారం. వరి గింజ ఫీజు అయింది, ఫీజు డిగ్రీ అయింది, డిగ్రీ అమెరికా వీసా అయింది. దీనికి 'ప్రతిభ' అని పేరు పెట్టారు. ఆ వరి గింజలో పాలేరు చెమట వాటా ఎంతో ఏ సిస్టమూ లెక్కగట్టలేదు.

మన పిల్లలు రిజర్వేషన్ సీట్లలో, పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌తో, 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ తరగతుల్లోకి వచ్చారు. కాలేజీ గేటు దాటగానే రిజర్వేషన్ ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి కులం తెలియదంటారు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో అచ్చువేసిన అధ్యయనం వేరే మాట చెబుతోంది. అర్హతలు సమానంగా చూపి, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపితే, దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం తక్కువని తేలింది. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ సిస్కో మీద కులవివక్ష దావా వేసింది. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. కులం సముద్రం దాటిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే చరిత్ర ఒకవైపే నడవదు. 2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. లక్షకు పైగా ఉద్యోగాలను రాతపరీక్ష పెట్టి, రిజర్వేషన్ పాటించి నింపారు. వాటిలో డిజిటల్ అసిస్టెంట్ ఒకటి. తాత కవిలె కట్ట మోసిన ఊళ్లో మనవరాలు ఊరి కంప్యూటర్ ముందు కూర్చునే రోజు వచ్చింది. దీన్ని మేము చిన్న విషయం అనుకోవడం లేదు. 1895 చట్టం వంశానికి కట్టబెట్టిన కుర్చీ ఇది.

కానీ కూర్చోవడం వేరు, శాసించడం వేరు. ఆ అమ్మాయి దరఖాస్తు ఎక్కించగలదు, రికార్డు దిద్దలేదు. ఏ గడి ఉండాలి, ఏది ఉండకూడదు అన్నది ఎక్కడో పైన నిర్ణయమవుతుంది. ఉపాధి హామీ కూలికి 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశారు. ఆధార్‌లో పేరు ఒకలా, జాబ్‌కార్డులో ఇంకొకలా ఉన్న కూలి తల్లికి ఆ డిజిటల్ అసిస్టెంట్ ఏం చెప్పగలదు? 'అమ్మా, సిస్టమ్ తీసుకోవడం లేదు' అంటుంది. ఒకప్పుడు 'కరణంగారు ఒప్పుకోవడం లేదు' అన్నారు. కరణంగారికి ఇల్లుండేది, ఆ ఇంటి ముందు నిలబడి అడిగేవాళ్లం. సిస్టమ్‌కు ఇల్లు ఎక్కడ?

అందుకే మేము మూడు పనులు ప్రతిపాదిస్తున్నాం. ఒకటి, ప్రతి పల్లెలో యువకులు డి-పట్టాల జాబితా తామే రాసుకోవాలి. ఎవరికి ఎప్పుడిచ్చారు, ఇప్పుడెవరు దున్నుతున్నారు అన్నది తేలాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ కాపీ తీసి దానితో పోల్చాలి. రెండు, గ్రామసభలో అడంగల్ పైకి చదివించాలి. చదివితేనే తప్పు వినపడుతుంది. మూడు, కంప్యూటర్ చదివే మన విద్యార్థులు డేటా ఎక్కించే ఉద్యోగంతో ఆగకూడదు. గడులు గీసే పనిలోకి వెళ్లాలి. అందుకు ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ డిమాండును విద్యార్థి సంఘాలు వదిలిపెట్టకూడదు.

మన తాతలు లెక్కను మోశారు. మన పిల్లలు లెక్కను ఎక్కిస్తున్నారు. లెక్క ఎలా ఉండాలో మనం చెప్పే రోజు ఇంకా రావాలి.