చిలుము పట్టిన ఇనుముకు అతుకు



ఖానాపురం హవేలి పేరు వినగానే అక్కడ పాత భవంతి ఏదో ఉందనుకుంటారు కొందరు. వెనుకటి రెవిన్యూ లెక్కల్లో హవేలి అంటే ప్రధాన పట్టణం చుట్టూ సర్కారు తన చేతికిందనే ఉంచుకున్న భూమి అనే అర్థం కూడా ఉన్నది. ఒకప్పుడు ఖమ్మానికి పక్క ఊరు. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. వానకాలం ముందు ఇక్కడి వెల్డింగు షాపులకు కేజివీల్సు, గొర్రులు, ట్రాలీ తలుపులు వస్తాయి. నిరుడు బురదలోంచి తీసి, కడగకుండా చెట్టుకింద పారేసిన సరుకు. తుప్పనండి, మన దిక్కు మాటలో చిలుమనండి, ఎర్రగా పెచ్చులు కట్టి ఉంటుంది. "నాలుగు చుక్కలు పెట్టయ్యా, పొద్దుగూకేలోగా దమ్ము చెయ్యాలె" అంటాడు రైతు. ఆ నాలుగు చుక్కలు మడి మధ్యలో ఊడితే కాలువ వంతు దాటిపోతుంది.

ఇనుముకు ఇనుము అతికించడం మన కమ్మరికి కొత్త కాదు. రెండు ముక్కల్ని కొలిమిలో తెల్లగా కాల్చి, దాగలిమీద పెట్టి సమ్మెటతో కొడితే ఒకటవుతాయి. అయితే కాలిన ఇనుముమీద పెచ్చు కడుతుంది. అది నడుమ చిక్కితే అతుకు నిలవదు. అందుకని ఇసుకో, వెలిగారమో చల్లేవారు. ఆ పొడి పెచ్చును కరిగించేది, సమ్మెట దెబ్బకు రెండూ కలిసి బయటికి చిమ్మేవి. ఈ చిటికెడు ఇసుకను గుర్తుంచుకోండి, తర్వాత కథంతా దాని చుట్టే తిరిగింది.

కరెంటు మంటతో అతికే పద్ధతికి రష్యాలో బెనార్డోస్, ఓల్షెవ్‌స్కీ అనేవారు 1885లో బ్రిటిషు పేటెంటు తీసుకున్నారు. వారిది బొగ్గు కడ్డీ. 1888లో స్లావ్యానోవ్ లోహపు కడ్డీనే కరిగించి అతుకు నింపాడు. 1890లో అమెరికాలో కాఫిన్ అటువంటి దానికే పేటెంటు పొందాడు. కాని వట్టి కడ్డీ కదా, గాలి తగిలి అతుకు పెళుసయ్యేది. స్వీడనులో ఆస్కార్ షెల్‌బెర్గ్ ఓడల్లో పనిచేసిన ఇంజనీరు. ఓడల బాయిలర్లు కారుతుంటే వాటిని బాగుచేయాలని తంటాలుపడి కడ్డీకి పూత పూశాడు, 1904లో కంపెనీ పెట్టాడు. చూశారా, పూతరాడ్డు పుట్టిందే పాత ఇనుము మరమ్మతుకు! మన కమ్మరి చల్లిన ఇసుకే ఈ పూతగా రాడ్డుకు అంటుకుని వచ్చిందనుకోండి. మన దేశంలో 1951లో ఏర్పడిన అద్వానీ ఓర్లికాన్ వంటి కంపెనీలతో రాడ్ల తయారీ పెరిగింది.

కరెంటు సంగతి మన జిల్లా బొగ్గుతోనే ముడిపడి ఉంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. కొత్తగూడెం థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ 1966లో నడిచింది.

ఇక మిషన్లు. మొదట మోటారుకు జనరేటరు తగిలించి డి.సి. కరెంటు తీసేవారు. బరువెక్కువ, ఖరీదెక్కువ. పూతరాడ్డు వచ్చాక ఏ.సి. మీద కూడా మంట నిలిచింది, దాంతో ట్రాన్స్‌ఫార్మరు మిషను పల్లెకు చేరింది. నూనె డబ్బాలో మునిగి ఉండే ఆ మొద్దు మిషను రెండు ఫేజులు లాగుతుంది, వీధిలో బల్బులు మినుకుమంటాయి. అయినా దాన్ని తీసిపారేయడానికి లేదు: డి.సి.లో అయస్కాంత బలానికి మంట పక్కకు కొట్టుకుపోయే జబ్బు దానికి లేదు. తర్వాత రెక్టిఫయరు, ఇప్పుడు భుజాన వేసుకుపోయే ఇన్వర్టరు. మరి ఇన్వర్టరుంటే చిలుము గొడవ తీరిందా? తీరలేదు.

చిలుము వట్టి ఎర్రమట్టి కాదు. అందులో నీటి తేమ ఉంది. మంటకు ఆ నీరు విడిపోయి హైడ్రోజను వస్తుంది, అతుకులో బొక్కలు పడతాయి, గట్టి ఉక్కయితే పగుళ్లు కూడా. షాపుల్లో ఎక్కువగా వాడే 6013 రాడ్డు కొద్దిపాటి చిలుమును ఓర్చుకుంటుంది. లోతుగా తవ్వుకుపోయేది 6010. కాని అది డి.సి. మీదే, రాడ్డుకు ప్లస్ పెడితేనే సరిగా నడుస్తుంది, చౌక ఇన్వర్టర్లు చాలావరకు దాని మంటను నిలపలేవు. ట్రాన్స్‌ఫార్మరు ఉన్నవారికి దాని తమ్ముడు 6011 ఉన్నది. "గట్టి రాడ్డు పెట్టు" అని 7018 అడుగుతారు కొందరు. అది శుభ్రమైన ఇనుముకు గట్టిదే. చిలుముమీద, పైగా వానకు చెమ్మగిల్లిన రాడ్డుతో, అంత అధ్వాన్నం మరొకటి లేదు. దాన్ని 300 డిగ్రీల పైన కొలిమిలాంటి ఓవెనులో ఆరబెట్టాలి, ఎండలో పెడితే చాలదు.

అందుచేత ముందు గ్రైండరు, అది లేకుంటే ఇనప బ్రష్షు. అతుకు చుట్టూ ఒక అంగుళం తెల్లగా మెరవాలి. ఎర్తు పట్టే చోటు కూడా గీకాలి. చాలామంది ఇది మరిచి, కరెంటు అందక మంట ఎగిరెగిరి పడుతుంటే మిషనును తిడతారు. పది నంబరు రాడ్డుకు 90 నుంచి 130 ఆంపియర్లు చాలు. ట్రాక్టరుకు తగిలించి ఉన్న పనిముట్టయితే బ్యాటరీ వైర్లు ముందే విప్పించండి. తడికాళ్లతో హోల్డరు పట్టనివ్వకండి. రాడ్డు అంటించకముందు ఏ.సి. మిషను కొసన 80 వోల్టుల దాకా ఉంటుంది.

ఇంకొకటి, చిలుము తిన్న రేకును సుత్తితో కొట్టి చూడండి. ఖంగుమంటే పని నడుస్తుంది. దబ్బుమంటే లోపల ఇనుము లేదు, ఆ ముక్క కోసేసి కొత్త పట్టీ వేయమనండి. నాలుగు చుక్కల బేరం అక్కడ కుదరదు.