విజ్ఞాన సర్వస్వాల్లో బుల్లి గదులు

పాత విజ్ఞాన సర్వస్వపు సంపుటాన్ని మధ్యలో తొలిచి, ఆ ఖాళీలో గోడకాగితం, నేలపలకలు, కిటికీ, కుర్చీ, దీపంతో సహా ఒక బుల్లి గదిని నిలబెట్టే చేతిపని ఇంగ్లండు, అమెరికాల్లో కనిపిస్తుంది. మూడు పక్కల గోడలుండి, ముందు పక్క తెరిచి ఉన్న ఇలాంటి గదిని అక్కడి బుల్లి వస్తువుల తయారీదారులు రూమ్ బాక్స్ అంటారు. ఇంటి మొత్తాన్ని కాక ఒక్క గదినే చూపే పెట్టె అది. పెట్టెగా పుస్తకాన్ని వాడడం ఇటీవలి మాటే కాని, దాని వెనకున్న చరిత్రలు రెండూ పాతవి. గదిని పెట్టెలో పెట్టడం ఒకటి, పుస్తకాన్ని చదవడానికి కాక మరో పనికి వాడడం రెండోది. ఈ రెండూ విజ్ఞాన సర్వస్వం దగ్గర కలవడానికి అది చవకైపోవడం అసలు కారణం.

యూరప్‌లో బుల్లి గదుల చరిత్ర పిల్లల ఆటతో మొదలు కాలేదు. బవేరియా ప్రభువు ఐదో ఆల్బ్రెక్ట్ 1557-58లో మ్యూనిక్‌లో చేయించిన నాలుగంతస్తుల బొమ్మ ఇల్లు కళాఖండాల సేకరణలో చేరింది. 1674లో అక్కడి రాజప్రాసాదంలో చెలరేగిన మంటల్లో అది కాలిపోయింది. 17వ శతాబ్దంలో ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల భార్యలు ఖరీదైన చెక్క బీరువాలను అరలు అరలుగా విభజించి, ఒక్కో అరను ఒక్కో గదిగా అలంకరించారు. వాటిలో పేరొందినది పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ 1686, 1710 మధ్య సమకూర్చినది. ఇప్పుడది రైక్స్ మ్యూజియంలో ఉంది. తాబేటి చిప్ప పొదిగిన ఆ బీరువాలో పింగాణీ, వెండి, నేత వస్తువులు అసలు పదార్థాలతోనే, ఆయా పనివాళ్ల చేతులమీదుగానే తయారయ్యాయి. వీటిని బొమ్మరిల్లు అంటే తెలుగు పాఠకుడికి పిల్లలు కట్టుకునే ఆటిల్లు గుర్తొస్తుంది. కాని వచ్చినవాళ్లకు చూపడానికే పెద్దవాళ్లు కుదురుగా సర్దిన వస్తువులు కాబట్టి ఇవి బొమ్మల కొలువుకే దగ్గర.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ కళకు ఒక స్థిరమైన కొలత దొరికింది. అసలు గదిలో అడుగు ఉన్నది బుల్లి గదిలో అంగుళం అవుతుంది, అంటే పన్నెండో వంతు. వాస్తుశిల్పి ఎడ్విన్ లట్యెన్స్ 1921-24లో రూపొందించిన క్వీన్ మేరీ బొమ్మ ఇంటిది ఈ కొలతే. విండ్సర్ కోటలో ఉన్న ఆ ఇంటి గ్రంథాలయంలోకి అప్పటి రచయితలు స్వదస్తూరితో రాసిన అగ్గిపెట్టెడు పుస్తకాలు చేరాయి. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ దానికోసమే ఒక చిన్న కథ రాశాడు. షికాగోలో నార్సిసా నిబ్లాక్ థోర్న్ 1932, 1940 మధ్య నిపుణులైన పనివాళ్లతో చేయించిన గదులు కూడా ఈ కొలతవే. వాటిలో 68 ఇప్పుడు ఆ నగరంలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. యూరప్, అమెరికా దేశాల గృహాలంకరణ చరిత్రను అవి వరసగా చూపుతాయి. థోర్న్ గదుల గొప్పదనం సామాన్లలో కంటే వెలుతురులో ఉంది. కిటికీ అవతల తోట, సగం తెరిచిన తలుపు వెనక ఇంకో గది అంచు, పక్కనుంచి పడే నీరెండ చూస్తే పెట్టె అక్కడితో అయిపోయినట్టు అనిపించదు. ఇప్పుడు పుస్తకాల్లో గదులు చేసేవాళ్ల ఉపాయాల్లో చాలావరకు ఇక్కడివే.

1940ల్లో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ నేర పరిశోధకుల శిక్షణ కోసం అనుమానాస్పద మరణాల గదులను ఇదే కొలతతో తయారుచేసింది. బల్లమీద రొట్టె, గోడమీద కేలండరు, నేలమీద శవం, అన్నీ ఆధారాలే. బుల్లి గది అందానికే కాదు, చదవడానికీ పనికొస్తుందని అవి నిరూపించాయి.

నిజానికి విజ్ఞాన సర్వస్వంలోకి గది ఎప్పుడో ప్రవేశించింది. ఫ్రాన్సులో దిదెరో, దాలంబేర్‌ల ‘ఆంసిక్లొపెదీ’ 1751లో రావడం మొదలై 1772 నాటికి 17 వ్యాస సంపుటాలు, 11 చిత్ర సంపుటాలుగా ముగిసింది. వృత్తులను వివరించే దాని చిత్రఫలకాల్లో చాలావాటికి ఒకే అమరిక ఉంటుంది. పై భాగంలో ఒక పని గది, అందులో పనివాళ్లు ఉంటారు. కింది భాగంలో వాళ్ల పనిముట్లు విడివిడిగా, కొలతలు తెలిసేలా పరిచి ఉంటాయి. ఆ పై బొమ్మల్లో గదిని ముందు గోడ తీసేసినట్టు గీశారు. రూమ్ బాక్సుదీ అదే చూపు.

పుస్తకమే పెట్టె కావడానికి అందమైన ఉదాహరణ జర్మనీలోని కాసెల్‌లో ఉంది. హెసె-కాసెల్ ప్రభువు దగ్గర జంతుశాల చూసుకునే కార్ల్ షిల్డ్‌బాఖ్ 1771, 1799 మధ్య 530 సంపుటాల ‘కట్టె గ్రంథాలయం’ తయారుచేశాడు. ఒక్కో సంపుటం ఒక్కో చెట్టుది. అట్టలు ఆ చెట్టు కలప, వెన్ను దాని బెరడు. తెరిస్తే లోపల కాగితం ఉండదు. ఆకు, పువ్వు, కాయ, విత్తనం అన్నీ అమర్చి ఉంటాయి, ఎండితే పాడైపోయే పండ్లకు బదులు మైనపు నమూనాలుంటాయి. వాటిని ఆ నగరపు ప్రకృతి చరిత్ర మ్యూజియంలో చూడవచ్చు. షిల్డ్‌బాఖ్ ఏ పుస్తకాన్నీ కోయలేదు, పెట్టెకు పుస్తకం వేషం వేశాడు. రెండు శతాబ్దాల తరువాత జరిగింది దీనికి తిరగేసిన పని.

ఆ రెండు శతాబ్దాల్లో విజ్ఞాన సర్వస్వం ఇంటి సామానుగా మారింది. 1768లో ఎడిన్‌బరోలో వారంవారం వెలువడే భాగాలుగా మొదలైన బ్రిటానికా 1771 నాటికి మూడు సంపుటాలైంది. 1898లో లండన్ ‘టైమ్స్’ పత్రిక దాని తొమ్మిదో కూర్పును వాయిదాల మీద అమ్మింది. సెట్టుతోపాటు దానికి తగ్గ అలమరనూ అమ్మింది. అప్పటినుంచి అలమరా పుస్తకమూ జంటగానే బైఠకుల్లోకి చేరాయి. 20వ శతాబ్దపు అమెరికాలో అమ్మకందారులు తలుపు తలుపూ తట్టి, పిల్లల చదువు పేరు చెప్పి మధ్యతరగతి చేత వాయిదాలు కట్టించారు. తెరిచినది ఎన్నిసార్లన్నది ఎలా ఉన్నా, సెట్టు కనబడేలా ఉండాలి. బంగారు రంగు అక్షరాలు, ఒకే ఎత్తు, ఒకే రంగు వెన్నులు గోడకు నిండుతనం ఇచ్చేవి. చదవని పుస్తకాన్ని వెక్కిరించడం తేలికే. కాని బిగుతైన ఆ బైండింగే తరువాత ఈ పనికి పెట్టుబడి అయింది.

అమెరికాలో 1990లో బ్రిటానికా సెట్లు 1,20,000 అమ్ముడయ్యాయి. ఆరేళ్లకు ఆ సంఖ్య 40,000కు పడిపోయింది. 1993లో మైక్రోసాఫ్ట్ సీడీ మీద ‘ఎన్‌కార్టా’ తెచ్చింది. 2001లో వికీపీడియా మొదలైంది. 1996 నాటికే తలుపులు తట్టే అమ్మకందారుల వ్యవస్థ ముగిసింది. 32 సంపుటాల 2010 ముద్రణే చివరిదని సంస్థ 2012 మార్చిలో ప్రకటించింది. అప్పటికి వేసిన 12,000 సెట్లలో 8,000 అమ్ముడయ్యాయి. ఆ తరువాత పాత సెట్టుకు కొనేవాళ్లు దొరకడం కష్టమైంది. ఉచితంగా ఇస్తామన్నా గ్రంథాలయాలు, దానపు దుకాణాలు తీసుకోవడం మానేశాయి. బరువు ఎక్కువ, సమాచారం పాతది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లకు మిగిలినది చెత్తబండి.

ఇక్కడే కత్తి రంగంలోకి వచ్చింది. అంతకు చాలా ముందే టామ్ ఫిలిప్స్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1966లో మూడు పెన్నీలకు కొన్న పాత నవల పుటల మీద బొమ్మలు వేసి, మాటల్లో కొన్నింటిని మాత్రమే మిగిల్చి ఒక కొత్త కళకు దారి చూపాడు. అమెరికన్ కళాకారుడు బ్రయన్ డెట్‌మర్ నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాల అంచులను ముందు బిగించి, పైనుంచి పొరలు పొరలుగా చెక్కుతాడు. కొత్తగా ఏదీ చేర్చడు, తీసేయడమే. కెనడాకు చెందిన గీ లారమే బ్రిటానికా సంపుటాలను వరసగా నిలబెట్టి కొండలోయలుగా మలిచాడు. ముద్రణ ఆపేస్తున్నట్టు ప్రకటించిన మరుసటి ఏడాది చేసిన ఆ కృతికి ‘అడ్యూ’ అని పేరు పెట్టాడు, సెలవు అని అర్థం. ఇంటి బల్లమీద పనిచేసే ఔత్సాహికులు వీళ్లలా చెక్కడంతో ఆగక, తొలిచిన చోటును నింపుతారు. అలమరలో పుస్తకాల మధ్య ఇరుకు సందులా దూర్చే బుక్ నుక్ వేరు. 2018 ప్రాంతంలో జపాన్‌నుంచి ప్రచారంలోకి వచ్చిన ఆ పెట్టెకు పుస్తకాన్ని కోయనక్కర లేదు.

పని మొదట జిగురుతో సాగుతుంది. సంపుటాన్ని బిగించి, పుటల అంచులకు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పూసి, బరువు కింద ఆరనిస్తారు. తడి ఎక్కువైతే కాగితం ఉబ్బి వంకర పోతుంది. ఆరాక చుట్టూ రెండు సెంటీమీటర్ల అంచు వదిలి, లోపలి భాగాన్ని పదీ పదిహేను పుటల చొప్పున పదునైన బ్లేడుతో కోస్తారు. ఒకేసారి లోతుగా కోయబోతే అంచు ఏటవాలు అవుతుంది. తొందరపడేవాళ్లు పుటలన్నీ ఊడదీసి, అట్టల మధ్య పలచని చెక్క పెట్టె బిగిస్తారు. చూడ్డానికి పుస్తకమే కాని, పక్కనుంచి పుటల దొంతర కనబడే ముచ్చట పోతుంది.

అసలు చిక్కు లోతుది. 28 సెంటీమీటర్ల ఎత్తు, 21 వెడల్పు, 4 మందం ఉన్న సంపుటంలో అంచులు పోగా 24కు 17 ఖాళీ వస్తుంది. పన్నెండో వంతు కొలతలో అది తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు గది, పరవాలేదు. కాని లోతు అడుగున్నర దాటదు, కుర్చీ కూడా పట్టదు. అందుకే ఒక్క సంపుటంలో కిటికీ అరుగో, పుస్తకాల అలమరో, మెట్ల మలుపో మాత్రమే కుదురుతుంది. నాలుగు సంపుటాలను మధ్య అట్టలు తీసి కలిపితే లోతు 16 సెంటీమీటర్లు అవుతుంది. కొలతను ఇరవై నాలుగో వంతుకు దించితే అదే ఖాళీలో పదమూడడుగుల వెడల్పు, పన్నెండున్నర అడుగుల లోతుతో తొమ్మిదేసి అడుగుల ఎత్తు గల రెండంతస్తులు పడతాయి. ఒకే కొలత సంపుటాలు కావలసినన్ని దొరికేది విజ్ఞాన సర్వస్వాల్లోనే. నవలలతో ఈ పని సాగదు.

ఏది కోయాలి, ఏది కోయకూడదు అన్న విచక్షణ కూడా ఈ పనిలో భాగమే. 18వ శతాబ్దపు ముద్రణలు, పండితులు నేటికీ మెచ్చే 1910-11 నాటి బ్రిటానికా పదకొండో కూర్పు జోలికి పోరాదు. 1970ల తరువాత లెక్కలేనన్ని అచ్చయిన సెట్లలో, అందులోనూ కొన్ని సంపుటాలు తప్పిపోయిన సెట్లలో, కోతకు అడ్డు చెప్పేది ఏమీ లేదు.

కోసి తీసిన పుటలు వృథా పోవు. పటాల పుటలు గోడకు తగిలించే బుల్లి పటాలవుతాయి. చిత్రఫలకాల్లోని పక్షులూ ఓడలూ అగ్గిపుల్లల చట్రాల్లో చేరతాయి. వ్యాసాల పుటలను టీలో తడిపి గోడకాగితంగా అంటిస్తారు. మిగిలిన పీలికలను మడిచి, కత్తిరించి, పాత అట్ట తోలు ముక్కలతో బైండు చేస్తే గోరంత పుస్తకాలు వస్తాయి. వాటిని ఒకే ఎత్తున, ఒకే రంగు వెన్నులతో బుల్లి అలమరలో వరసగా సర్దుతారు.