సారాయంగడి గోడ మీద పేర్లు

2022లో ప్రాజెక్టు పని మీద నాలుగు నెలలు ఇంగ్లాండులో ఉన్నాను. ఓ ఆదివారం మా టీములో ఒకాయన వాళ్ళ పల్లెకి తీసుకెళ్ళి అక్కడి పబ్బులో భోజనం పెట్టించాడు. పబ్బు గోడకి ఒక చెక్క పలక ఉంది. దాని మీద 1700ల నుంచి ఆ పబ్బు నడిపినవాళ్ళ పేర్లు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకానో వరసగా రాసి ఉన్నాయి. మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళు కూడా. మొగుడు పోతే పెళ్ళాం నడిపిందన్నమాట. అక్కడ బీరు అమ్మాలంటే న్యాయాధికారుల దగ్గర లైసెన్సు తీసుకోవాలని 1552లోనే చట్టం వచ్చింది, అందుకే ఇన్ని కాగితాలు మిగిలాయని చెప్పాడు. చెప్తుంటే అతని మొహంలో ఎంత గర్వమో!

మనకీ ఒక పబ్బు ఉండేది కదా అనుకున్నాను. నవ్వకండి. చిత్తూరు నుంచి వస్తుంటే తిరుపతికి ఒక దారి, పీలేరు మీదుగా కడపకి ఇంకో దారి చీలేది మా పూతలపట్టు దగ్గరే. అక్కడికి కాస్త దూరంలో మా పల్లె. రోడ్డు పక్కన పొడుగ్గా ఒకే ఒక గది, ముందు వైపు ఇనుప చువ్వల కిటికీ. నాకు ఊహ తెలిసేసరికి అందులో యూరియా మూటలుండేవి. తర్వాత జెరాక్సు, ఇప్పుడు మొబైల్ రీచార్జి. అయినా ఊళ్ళో ఎవర్నడిగినా 'సారాయంగడి గది' అనే అంటారు. సారాయి పోయి ముప్పై ఏళ్ళు దాటినా పేరు పోలేదు.

సరే, ఆ గదికి ఒక పలక రాయాలంటే ఎవరి పేర్లు రాయాలి?

మా అవ్వకి ఎనభై దాటాయి. ఆమె లెక్కలో ఆ గది మొదట బెల్లం మూటలు పెట్టే కొట్టు. మాది చెరుకు, బెల్లం సీమ కదా. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో అది సారాయంగడి అయింది. పాట పాడుకున్నోడెవడో చిత్తూరు నుంచి వచ్చేవాడు, కూర్చుని అమ్మేవాడు ఇంకెవడో. ఏటేటా మారేవాళ్ళు. "వాళ్ళ పేర్లెందుకురా, యాడాది తిరిగితే కొత్తోడు" అంది.

పాట అంటే వేలంపాట. ఈ కాలం వాళ్ళకి తెలీకపోవచ్చు. ఫలానా అంగడిలో ఒక ఏడాది అమ్ముకునే హక్కుని సర్కారు వేలం వేస్తుంది, ఎక్కువ పాడినోడిదే అంగడి. ఈ ఏర్పాటు తెల్లవాళ్ళది. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో గట్టిపడింది. అంతకు ముందు మనవాళ్ళు తాగలేదని కాదు. ఈతకల్లు గీసే ఈడిగవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, తాగేవాళ్ళూ ఊళ్ళోవాళ్ళే. ఆబ్కారీ వచ్చాక చెట్టుకి పన్ను, అంగడికి పాట. ఏడాది హక్కు కొన్నవాడు ఆ ఏడాదిలోనే పెట్టుబడి రాబట్టుకోవాలి. ఇక వాడికి ఊరితో ఏం బంధుత్వం? అప్పిచ్చైనా తాగిస్తాడు. ఇంగ్లాండు పలక మీద ఒక్కో పేరు ఇరవై ఏళ్ళుంటే మన దగ్గర ఏడాది ఉండటానికి కారణం ఇదే.

మా జిల్లాకి ఇంకో విశేషం ఉంది. 1937లో రాజాజీ సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకి విస్తరించాడు. అంటే తెలుగునాట మొట్టమొదట అంగళ్ళు మూతపడిన జిల్లాల్లో మాదొకటి. పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చాడు. దేశంలో మొదటి జనరల్ సేల్స్ టాక్స్ అదే. ఇవాళ మీరు బిర్యానీ మీద కట్టే జీఎస్‌టీకి ముత్తాత అన్నమాట :-)

యుద్ధకాలంలో గవర్నరు పాలనలో నిషేధం పక్కకి పోయింది, అంగళ్ళు తెరుచుకున్నాయి. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మళ్ళీ మూత. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954లో ప్రకాశం పంతులు ప్రభుత్వం కూలిపోయింది కూడా ఈ గొడవ మీదే, ఒక్క ఓటు తేడాతో. నిషేధం ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది. గీత పనివాళ్ళ పొట్ట కొట్టొద్దని గౌతు లచ్చన్న పోరాడాడు. వాళ్ళదీ న్యాయమే. నిషేధం ఉన్నా తాగేవాళ్ళు మానారా అంటే లేదు. నల్లబెల్లం, తుమ్మచెక్క వేసి గుట్టల్లో కాచేవాళ్ళని అవ్వే చెప్పింది. చివరికి 1969లో నిషేధం తీసేశారు. మా బెల్లం కొట్టు సారాయంగడి అయింది అప్పుడే.

ఎనభైల్లో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే సారాయి ప్యాకెట్లు తెచ్చింది. అంగడిదాకా నడిచే ఓపిక లేనోడికి కూడా ప్యాకెట్టు చేతికొచ్చింది. మా తాత ఆ ప్యాకెట్లలోనే పోయాడు. ముందు అవ్వ కమ్మలు పోయాయి, తర్వాత బావి కింద అరెకరం చెరుకు మడి. ఆ మడి ఇప్పటికీ వేరేవాళ్ళదే, బస్సులోంచి కనపడుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమెతో పాటు ఆడవాళ్ళు సారాయంగడి మూయించిన కథ మీకు తెలిసే ఉంటుంది. రాత్రిబడి వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం చదివి కదిలారు. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాయి బందయింది. ప్యాకెట్ల కాలపు ముఖ్యమంత్రి ఎన్టీఆరే 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చాడు. 1997లో చంద్రబాబు సడలించాడు. సారాయి మాత్రం తిరిగి రాలేదు, దాని కుర్చీలో బ్రాందీ కూర్చుంది. 2019లో జగన్ ప్రభుత్వం అంగళ్ళు తానే నడిపింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు, ఈసారి లాటరీ.

ఇదంతా చదువుతుంటే నాకనిపించింది, ఆ గదిలో అసలు కాపురమున్నది సర్కారే. మిగతావాళ్ళంతా బాడుగకున్నవాళ్ళు. మూసినా తెరిచినా ముందు ఖజానా లెక్కే చూసుకున్నారు. ఆడవాళ్ళు కొట్లాడి మూయించింది ఒక్కటే దీనికి మినహాయింపు. నేనేం నిషేధవాదిని కాదు. బెంగళూరులో శుక్రవారం సాయంత్రం నేనెక్కడుంటానో నా స్నేహితులకి తెలుసు. గుట్టల్లో కాచుకునే సారాయి కంటే లైసెన్సు అంగడి నయమనే అంటాను. కాకపోతే ఆ లైసెన్సుకి డబ్బు కట్టేది పాటగాడు కాదు, మా అవ్వ లాంటివాళ్ళ కమ్మలు.

ఇంత తెలిసి నేను చేసిన పని కూడా చెప్పాలి. 2024 లాటరీలో రాష్ట్రమంతా 3,396 అంగళ్ళు. దరఖాస్తుకి 2 లక్షలు, తగలకపోయినా తిరిగి రావు. 89,882 దరఖాస్తులు పడ్డాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకి 1,797 కోట్లు. అందులో ఒకటి మా మామది. "అల్లుడా, నలుగురం కలిసేస్తా ఉండాం, నువ్వొక యాభై వెయ్యి. తగిల్తే మన రోడ్డు మీద గదే బాడుగకి తీసుకుందాం" అని ఫోన్ చేశాడు. ఏ గది అని నేను అడగలేదు. ఆఫీసు క్యాబులో కూర్చునే ఫోన్‌పేలో పంపేశాను.

లాటరీ మామకి తగల్లేదు. తగిలినవాళ్ళు అంగడి ఇంకోచోట పెట్టుకున్నారు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇంగ్లాండు పలక ఫోటో అవ్వకి చూపించాను. ఆడవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమంది, చూపించాను. "మన గదికి రాస్తే నన్నడిగి రాయి, ఎవరెవరి కమ్మలు పోయినాయో నాకు తెలుసు" అంది. ఒక్కో ఇంటి పేరు చెప్తా పోయింది, నేను ఫోన్లో రాసుకున్నాను. పదకొండు ఇళ్ళు. యాభై వేల సంగతి ఆమెకింకా చెప్పలేదు.