విడాకుల చట్టంలోకి క్రూరత్వం ఎలా వచ్చింది?

భార్యాభర్తలు విడాకుల కోసం కోర్టుకెక్కితే పిటిషన్‌లో తరచుగా కనిపించే కారణం క్రూరత్వం. కానీ 1955లో హిందూ వివాహ చట్టం వచ్చినప్పుడు ఆ కారణం మీద విడాకులు దొరికేవి కావు. కోర్టు అనుమతితో వేరుగా ఉండటం వరకే.

దీని మూలాలు ఇంగ్లండ్ చర్చి కోర్టుల్లో ఉన్నాయి. 1790లో ఎవాన్స్ దంపతుల కేసులో జడ్జి సర్ విలియం స్కాట్ గట్టి గీత గీశారు. ప్రాణానికో, ఒంటికో, ఆరోగ్యానికో ముప్పుందన్న భయం ఉంటేనే అది క్రూరత్వం. చిరాకు, మొరటు మాట, నిర్లక్ష్యం లెక్కలోకి రావన్నారు. 1857 ఇంగ్లిష్ చట్టంలో భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే భర్తకు విడాకులొచ్చేవి. భార్యకైతే భర్త వ్యభిచారానికి క్రూరత్వంలాంటి మరో నేరం తోడవ్వాలి. అదే తేడా 1869లో మన దేశంలోని క్రైస్తవుల చట్టంలోకీ వచ్చింది.

ఆ గీతను మన దగ్గర 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం చెరిపింది. ఒంటిమీద చెయ్యి పడకపోయినా, ప్రవర్తనతో భార్య బతుకును దుర్భరం చేస్తే అది క్రూరత్వమేనంది. ఆమె ఆస్తిని అమ్మేయడం, మతాచరణకు అడ్డుపడటం కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

హిందువుల విషయంలో మలుపు 1975లో వచ్చింది. ఓ మహారాష్ట్ర దంపతుల కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ వై.వి. చంద్రచూడ్ పాత ఇంగ్లిష్ కొలమానాన్ని పక్కనపెట్టారు. ఇల్లు తగలబెడతానని భార్య బెదిరించడం క్రూరత్వమేనన్నారు. అయితే ఆ తర్వాతా భర్త ఆమెతో కాపురం చేశాడు, మూడో బిడ్డ పుట్టింది. అంటే క్షమించినట్టేనంటూ అతని అర్జీ కొట్టేశారు. మరుసటి ఏడాదే, 1976 సవరణతో, క్రూరత్వం విడాకులకు కారణమైంది.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఢిల్లీకి వెళ్లిన ఓ కేసులో 1987లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. భర్త డాక్టరు. అమ్మానాన్నలు కొన్ని వేలు కట్నం అడిగితే తప్పేముంది, అందరిళ్లలో జరిగేదేగా అన్నట్టు భార్యకు ఉత్తరం రాశాడు. అవసరానికి భార్యను డబ్బడగడం వింతేమీ కాదని హైకోర్టు ఆమె పిటిషన్‌ను తోసిపుచ్చింది. సుప్రీంకోర్టు ఆ ఉత్తరాన్నే పట్టుకుంది: కట్నం అడగడం చట్టవిరుద్ధం, దానికోసం వేధించడం క్రూరత్వం, బాధపెట్టాలన్న ఉద్దేశం ఉండాల్సిన పని లేదు. 1993లో అదే కోర్టు జడ్జి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి మానసిక క్రూరత్వాన్ని వివరిస్తూ, ఆరోగ్యం చెడిందని చూపక్కర్లేదు, కలిసి బతకమనడం న్యాయం కాదనిపించేంత వేదన ఉంటే చాలన్నారు.

హిందూ వివాహ చట్టం నేటికీ క్రూరత్వానికి నిర్వచనం చెప్పలేదు. ఏ కాపురానికి ఆ కాపురమే తూకం. కాబట్టి హింసించారని ఒక్క ముక్క రాస్తే కేసు నిలబడదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు, ఏం జరిగిందో చెప్పాలి. ఉత్తరమో మెసేజో ఉంటే భద్రపరచుకోవాలి.