పెళ్ళిపందిరి బయటి పాత్ర

మా భద్రాచలంలో శ్రీరామనవమి నాడు మిథిలా మండపం ఎదుట చోటు దొరకనివారు ఇంటికి తిరిగి వచ్చి టీవీ ముందు కూర్చుంటారు. ఊళ్ళో జరుగుతున్న కల్యాణాన్ని దూరదర్శన్‌లో చూడడం మాకు వింత కాదు. మోకాళ్ళ నొప్పులు మొదలైనప్పటి నుంచి నేనూ అలాగే చూస్తున్నాను. ఆమధ్య ఒక నవమికి నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చి, నా పక్కన కూర్చుని కల్యాణం చూశాడు. అతని వయసు యాభైకి దగ్గర పడింది. తలంబ్రాల ఘట్టం ముగిశాక మా ఇంటావిడ ఛానలు మార్చింది. అక్కడేదో ధారావాహిక వస్తోంది. అందులోనూ పెళ్ళే. అతడు చిన్నగా నవ్వి, "మాస్టారూ, మీరు ఇన్నేళ్ళుగా టీవీ చూస్తున్నారు కదా, నాబోటివాడి కథ ఎప్పుడైనా వచ్చిందాండీ?" అని అడిగాడు.

అతడు పురుషుణ్ణి ప్రేమించే పురుషుడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసిన తీరు చివర చెబుతాను. ఆనాడు వెంటనే జవాబు తోచలేదు. ఆ తరువాత చాలా రోజులు దాని గురించే ఆలోచించాను. ఈ టపా ఆ జవాబే.

ముందు మాటల సంగతి. పత్రికలవారు వాడే "స్వలింగ సంపర్కం" అన్న మాట నాకు నచ్చదు. భార్యాభర్తల అనురాగాన్ని మనం "సంపర్కం" అనము కదా! అందుచేత నేను స్వలింగ ప్రేమ అనే వ్రాస్తాను. ఇక మన సినిమా హాస్యంలో ఇటువంటివారికి ఉన్న పేరు "తేడా". అది పేరు కాదు, ఎత్తిపొడుపు. చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో నామవాచకాలను మహత్తు, మహతి, అమహత్తు అని విభజించాడు. ఆ విభాగం ఎవరు ఏమిటో చెబుతుందే గాని, ఎవరు ఎవరిని ప్రేమిస్తారో చెప్పదు. ఈ రెండు ప్రశ్నలనూ కలగాపులగం చేయడమే మన తెర చేసిన మొదటి పొరపాటు. ఆడవేషం కట్టే నటుడు, హిజ్రా, స్వలింగ ప్రేమికుడు ముగ్గురూ వేర్వేరు. మన తెర మాత్రం ముగ్గురికీ ఒకే చీర కట్టింది.

ఆ చీరకు ఒకప్పుడు గౌరవం ఉండేది. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు రంగస్థలం మీద సత్యభామగా నడిచి వస్తే స్త్రీలు సైతం ఆ నడకను, ఆ కట్టును చూసి మెచ్చుకునేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామ కూడా అంతటిదే. వీరెవ్వరూ స్వలింగ ప్రేమికులని నేను చెప్పడం లేదు. పురుషుని దేహంలో స్త్రీ హావభావాలు కనిపిస్తే నవ్వవలసిన పని లేదని ఆనాటి తెలుగు ప్రేక్షకునికి తెలుసునని మాత్రమే చెబుతున్నాను. 1963లో వచ్చిన "నర్తనశాల"లో ఎన్.టి. రామారావు గారు బృహన్నల వేశారు. ఆ పాత్రను చూసి ఎవరూ వెకిలిగా నవ్వలేదు. తిక్కన గారి విరాటపర్వంలో బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పే గురువు. గురువును గురువుగానే చూపించారు.

బుల్లితెర వచ్చాక ఆ తీరు మారింది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మా వంటి అడవి అంచు ఊళ్ళలో టీవీ అంటే నిజంగా ఊరంతా కూర్చుని చూసినది 1988 నుంచి 1990 వరకు ఆదివారాలు వచ్చిన బి.ఆర్. చోప్రా "మహాభారత్". హిందీ సగం అర్థం కాకపోయినా కథ తెలిసినదే కనుక ఇబ్బంది లేకపోయింది. అందులో శిఖండి పాత్ర పెయింటల్ అనే నటుడికి ఇచ్చారు. ఆయన హాస్యనటుడుగా పేరుపడినవాడు. మరునాడు బడిలో, నడకలో కొంచెం సుకుమారం ఉన్న ఒక కుర్రవాడికి "శిఖండి" అని పేరు పడిపోయింది. నేను విరాటపర్వం పాఠం చెబుతూ బృహన్నల దగ్గరికి రాగానే పిల్లలందరూ వాడివైపు తిరిగారు. నేనూ నవ్వాను. నవ్వు తెప్పించినది తెర కావచ్చు, కాని నవ్వినవాణ్ణి నేను.

2013లో స్టార్‌ప్లస్‌లో మళ్ళీ మహాభారతం వచ్చినప్పుడు శిఖండిని పాత్రను శిఖా సింగ్ అనే నటికి ఇచ్చారు. పగ, పౌరుషం గల పాత్రగా మలిచారు. ఒకే పాత్ర పాతికేళ్ళలో హాస్యనటుడి చేతి నుంచి వీరనాయిక చేతికి మారింది. మార్పు అంటూ ఉంటే ఇలాగే, పాత్రను ఎవరికి ఇచ్చారన్న దానిలోనే ముందుగా కనిపిస్తుంది.

1995 తరువాత ఈటీవీ, జెమిని వచ్చాయి. రోజువారీ ధారావాహికలు మన ఇళ్ళలో సంధ్యాదీపాలతోపాటు వెలిగాయి. వాటిని చులకన చేసేవారితో నేను ఏకీభవించను. "చిన్నారి పెళ్ళికూతురు"గా అనువాదమై వచ్చిన కథ బాల్యవివాహాన్ని ప్రశ్నించింది. 2017 నుంచి 2023 వరకు నడిచిన "కార్తీకదీపం" నలుపురంగు మీది చిన్నచూపును ఇంటింటి చర్చ చేసింది. అయితే నేను చూసిన తెలుగు ధారావాహికలలో స్వలింగ ప్రేమికుడు కొడుకుగానో, అన్నగానో, పక్కింటి లెక్చరరుగానో ఒక్కసారైనా కనిపించలేదు. కారణం ఆలోచిస్తే కథానిర్మాణమే అడ్డమనిపిస్తుంది. మన ధారావాహికలో ప్రతి ముడీ పెళ్ళి దగ్గర పడుతుంది, ప్రతి ముడీ పెళ్ళి దగ్గరే విడుతుంది. పెళ్ళి లేని మనిషికి ఆ ఇంట్లో చేయడానికి పని ఉండదు. అందువల్ల అతణ్ణి హాస్య కార్యక్రమాలకు పంపించారు. 2013లో మొదలైన "జబర్దస్త్"లో మగవారు ఆడవేషం కట్టడం నిత్యకృత్యమైంది. స్థానం వారి చీర వచ్చింది, ఆ చీర వెంట ఉన్న మర్యాద రాలేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో 1971లోనే "ఆల్ ఇన్ ది ఫ్యామిలీ" అనే హాస్య ధారావాహికలో ఒక్క భాగానికి అతిథిగా గే పాత్ర వచ్చి వెళ్ళింది. 1977లో "సోప్" అనే ధారావాహికలో జోడీ అనే గే పాత్ర ఇంటి మనిషే. కాని మొదట్లో ఆ పాత్ర లింగమార్పిడి శస్త్రచికిత్స కోరుకున్నట్టు వ్రాశారు. మనవారు చేసిన కలగాపులగమే వారూ చేశారన్నమాట. ఇంగ్లండులో "ఈస్ట్‌ఎండర్స్" ధారావాహికలో 1987లో ఒక పురుషుడు మరొక పురుషుని నుదుట ముద్దు పెడితే పత్రికలు గగ్గోలు పెట్టాయి. 1997లో "ఎలెన్" ధారావాహిక నాయిక తాను ఎవరో నోరు తెరిచి చెప్పింది. అతిథిగా రావడం, నవ్వులపాలు కావడం, కన్నీరు పెట్టించడం, ఆపైన ఇంటి మనిషి కావడం, ఇదీ అక్కడి క్రమం. మనం ఇంకా రెండవ మెట్టు దగ్గరే తచ్చాడుతున్నాం.

హిందీవారు ఒక అడుగు ముందు వేశారు. 377వ సెక్షను మీద ఢిల్లీ హైకోర్టు 2009 జూలై 2న తీర్పు ఇచ్చిన మరుసటి ఏడు, 2010లో, స్టార్‌ప్లస్‌లో "మర్యాదా" అనే ధారావాహిక వచ్చింది. అందులో గౌరవ్ అనే పాత్ర పెళ్ళయిన కొడుకు. అతడు ప్రేమించేది మరొక పురుషుణ్ణి. చూడండి, ఆ పాత్ర కూడా లోపలికి వచ్చినది పెళ్ళి అనే ద్వారం గుండానే, భర్తగానే. కాని ఆ కథకు ఒక గొప్ప గుణం ఉంది. అతని కష్టంతోపాటు, ఏమీ తెలియకుండా ఆ ఇంట కాలుపెట్టిన భార్య కష్టాన్నీ చూపించింది. 2019లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన "మేడ్ ఇన్ హెవెన్"లో కరణ్ అనే పాత్ర వృత్తి పెళ్ళిళ్ళు చేయించడం. ఊరందరికీ పందిళ్ళు వేయించే అతనికి సొంత పందిరి లేదు. ఆ పాత్ర ధరించిన అర్జున్ మాథుర్ 2020లో అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారం తుదిజాబితాకు చేరాడు.

తెలుగులో ఈ పని ధారావాహికలకన్నా ముందు సినిమా చేసింది. 2018 ఫిబ్రవరిలో వచ్చిన ప్రశాంత్ వర్మ "అ!" చిత్రంలో రాధ అనే అమ్మాయి తాను పెళ్ళి చేసుకోదలచిన క్రిష్‌ను తల్లిదండ్రులకు పరిచయం చేస్తుంది. పేరు విని అబ్బాయి అనుకున్నవారి ఎదుట ఒక అమ్మాయి కూర్చుంటుంది. ఆ సంభాషణలో వెకిలితనం లేదు. సుప్రీంకోర్టు 377వ సెక్షను కోరలు తీసినది ఆ సంవత్సరం సెప్టెంబరు 6న. అంటే చట్టంకన్నా ఏడు నెలలు ముందే తెలుగు తెర మీద ఆ ఇద్దరూ మర్యాదగా కూర్చున్నారు. ఇక బుల్లితెరకు వస్తే, రచయితలు వ్రాయని పాత్రలను మనుషులే స్వయంగా తీసుకువచ్చారు. 2019లో బిగ్‌బాస్ మూడవ విడతకు తమన్నా సింహాద్రి, 2021లో అయిదవ విడతకు ప్రియాంక సింగ్ వచ్చారు. ఇద్దరూ ట్రాన్స్‌జెండర్ స్త్రీలు. "జబర్దస్త్"లో ఆడవేషాలు వేసిన సాయితేజే ఆ ప్రియాంక. నవ్వించడానికి ఇచ్చిన చీరను, నవ్వు తీసివేసి, తన సొంత చీరగా కట్టుకుని అదే బుల్లితెర మీద కూర్చుంది.

పందిరి మాత్రం ఇంకా మూసే ఉంది. 2021 డిసెంబరులో హైదరాబాదు శివారులో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ బంధుమిత్రుల మధ్య పెళ్ళి వేడుక జరుపుకున్నారు. దానికి చట్టం గుర్తింపు కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ గుర్తింపు ఇవ్వడానికి నిరాకరించింది. ఆ తీర్పు మీద వేసిన పునఃసమీక్ష పిటిషన్లు కూడా 2025 జనవరిలో వీగిపోయాయి.

మా ఊళ్ళో సీతారాముల కల్యాణం జరిగే నవమి నాడే వేములవాడ రాజన్న సన్నిధిలో శివపార్వతులనేవారు, వారిలో హిజ్రాలు సైతం, చేత త్రిశూలం పట్టుకుని, తలంబ్రాలు పోసుకుని, శివుణ్ణే పెళ్ళాడతారు. మన సంప్రదాయం వారికి దేవుని పందిట్లో చోటు ఇచ్చింది. వార్తా ఛానళ్ళు దానిని "వింత ఆచారం" అని అర నిమిషం చూపిస్తాయి. భద్రాద్రి కల్యాణానికి గంటలు, వేములవాడకు అర నిమిషం. మన తెర ఎవరి పెళ్ళిని ఎంతసేపు చూస్తుందో ఆ లెక్కే చెబుతుంది.

ఇప్పుడు నా సంగతి. బడిలో "శిఖండి" అనిపించుకున్న కుర్రవాడే మా ఇంటికి వచ్చిన విద్యార్థి. అతనికి పాతికేళ్ళు దాటాక పెళ్ళి వద్దంటే, వాళ్ళమ్మ ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. "పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదంటారు కదా మాస్టారు గారూ, మీరు చెబితే వింటాడు" అంది. నేను చెప్పాను. అతడు ఏదో చెప్పబోతే, "అన్నీ పెళ్ళయ్యాక సర్దుకుంటాయిరా" అని ఆపేశాను. ఆ మాట నేను ఏ శాస్త్రంలోనూ చదవలేదు. కథల్లో చూశాను, అంతే. అతడు నా మాట మన్నించాడు. పందిట్లో అక్షతలు వేసినవారిలో నేనూ ఉన్నాను. మూడేళ్ళకు ఆ కాపురం చెదిరిపోయింది. ఆనాడు నేను నోరు మూయించిన మాటను అతడు అప్పుడు పూర్తి చేశాడు.

ఈ వివరాలన్నీ ఒకనాడు అతనికి ఫోనులో చెప్పాను. శ్రద్ధగా విని, "అంటే నేనింకా అతిథి పాత్రలోనే ఉన్నానండీ" అన్నాడు. మాటలో కోపం లేదు. అతని ఊరు, అతని తోడు, అతని ఉద్యోగం చక్కగానే ఉన్నాయి. నన్ను ఎన్నడో క్షమించాడు.

ధారావాహికలు వ్రాసేవారెవరైనా ఇది చదివితే నా మనవి ఒక్కటే. అతణ్ణి మహావీరునిగా చూపించనక్కరలేదు. ఇంట్లో ఒక కొడుకుగా, ఆదివారం మార్కెట్టు నుంచి కూరగాయలు తెచ్చేవాడిగా చూపించండి చాలు. ఆ కథ చూసిన ఒక తల్లి, ఒక మాస్టారు, "సర్దుకుంటుంది" అనేముందు ఒక్క క్షణం ఆగవచ్చు. ఆ క్షణం నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ పెళ్ళికూతురు కూడా మా మండలపు పిల్లే. ఆ మూడేళ్ళూ తప్పు తనదేననుకుని ఎన్ని గుళ్ళు తిరిగిందో తరువాత విన్నాను. ఆమెకు నేను ఇంతవరకు క్షమాపణ చెప్పుకోలేదు.